తొమ్మిదో కాలు

2007 దసరా సెలవుల్లో మా నాన్న బూర్గంపాడు నుంచి ఖమ్మం దాకా బస్సులో వెళ్లి, ఒక కంప్యూటర్ షాపాయనతో గొడవ పెట్టుకుని వచ్చాడు. తప్పు ఆ షాపాయనది కాదు, నాది. ఆ సంగతి నాకు మూడు రోజుల్లో తెలిసింది. ఇంట్లో చెప్పడానికి పదిహేనేళ్లు పట్టింది.

అప్పుడే ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. ఆ ఏడు మిర్చి అమ్మగా మిగిలిన దాంట్లో 19,000 రూపాయలు నాన్న నా చేతిలో పెట్టాడు. ఖమ్మంలో ఒక షాపులో విడి భాగాలుగా కొన్నాను. ఇంటెల్ 945 చిప్‌సెట్ బోర్డు, డ్యూయల్ కోర్ ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్కు, క్యాబినెట్టు, డబ్బా లాంటి పాత రకం మానిటరు. బిగించి ఇస్తానన్నాడు షాపాయన. "అక్కర్లేదండీ, నేను ఇంజినీరింగ్ స్టూడెంటుని" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి గానీ, అచ్చంగా ఆ మాటే అన్నాను.

ఇంటికొచ్చి రాత్రంతా కూర్చుని బిగించాను. బటన్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదీ లేదు. రెండో రోజు నాన్నతో "బోర్డు పాడైంది అంటగట్టాడు" అని చెప్పాను. నాన్న మారు మాట్లాడకుండా బోర్డు డబ్బా చంకన పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాడు. రాత్రికి అదే డబ్బాతో తిరిగొచ్చాడు. "వాడు మనుషుల్ని ఎగతాళి చేసే రకం" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ రాత్రి నేను చేసిన తప్పు గురించి. ఆ తప్పు చేసే వీలు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికితే అది 1981 దాకా వెళ్లింది కాబట్టి, ఇది చరిత్ర వ్యాసం అయింది.

తప్పేంటో ముందు చెప్పాలి. కంప్యూటర్ క్యాబినెట్టులో మదర్ బోర్డు రేకు మీద నేరుగా కూర్చోదు. రేకుకీ బోర్డుకీ మధ్య చిన్న చిన్న ఇత్తడి ముక్కలుంటాయి. ఆరు పలకలు, ఆరు ఆరున్నర మిల్లీమీటర్ల ఎత్తు, కింద మర, పైన స్క్రూ దిగే బెజ్జం. వీటిని స్టాండాఫ్‌లు అంటారు. రిపేర్ షాపుల్లో కొందరు స్పేసర్లంటారు, మా వైపు కొందరు కాళ్లు అంటారు. నాకు 'కాళ్లు' అన్న మాటే నచ్చుతుంది. బోర్డు వెనక్కి తిప్పి చూడండి. వందల కొద్దీ టంకం చుక్కలు ముళ్లలా పొడుచుకుని ఉంటాయి. కొన్నిటిలో 12 వోల్టులు, కొన్నిటిలో 5, కొన్నిటిలో 3.3. అవి రేకుకి తగిలితే షార్ట్. ఆ షార్ట్ కాకుండా ఆపేది ఈ ఆరున్నర మిల్లీమీటర్ల గాలి. పల్లెటూళ్లలో గాదె కింద రాళ్లు పెట్టి నేల తగలకుండా ఎత్తులో నిలబెట్టేవాళ్లే, అదే పద్ధతి.

అయితే ఈ కాళ్లు దూరం పెట్టడానికే కాదు, కలపడానికి కూడా. బోర్డులో స్క్రూ దిగే బెజ్జం చుట్టూ వెండి రంగు వలయం ఉంటుంది చూశారా, అది బోర్డులోని గ్రౌండుకి కలిసి ఉంటుంది. స్క్రూ ద్వారా, ఇత్తడి కాలి ద్వారా, ఆ గ్రౌండు క్యాబినెట్టు రేకుకి కలుస్తుంది. అంటే కాలు ఉండాల్సిన చోట ఉంటే మేలు, ఉండకూడని చోట ఉంటే కీడు. బెజ్జం కింద కాలు గ్రౌండుని కలుపుతుంది. బెజ్జం లేని చోట కాలు నిలబడితే ఏ టంకం చుక్కనో పట్టుకుని దాన్నీ గ్రౌండులో కలిపేస్తుంది.

నా క్యాబినెట్టు ప్యాకెట్లో తొమ్మిది కాళ్లు వచ్చాయి. లోపలి రేకులో మర ఉన్న బెజ్జాలు పదిహేను దాకా ఉన్నాయి. నేను బోర్డు ఆనించి చూసుకోలేదు. కంటికి వరసగా కనిపించిన తొమ్మిది బెజ్జాల్లో తొమ్మిదీ బిగించేశాను. ప్యాకెట్లో తొమ్మిది ఇచ్చారంటే తొమ్మిదీ వాడమనే కదా అని నా తర్కం. నా బోర్డుకి ఉన్న బెజ్జాలు ఆరే. అందులో ఐదింటికి కింద కాలు దొరికింది. మూడు కాళ్లు బోర్డు అంచు దాటి బయట పడ్డాయి, వాటితో పేచీ లేదు. తొమ్మిదోది బోర్డు నడుం కింద, టంకం చుక్కల మధ్య నిలబడింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బోర్డుకి ఆరు బెజ్జాలున్నప్పుడు రేకులో పదిహేను ఎందుకు?

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ని, మోడల్ 5150ని, ప్రకటించింది. ఆ పెట్టెలో ఈ ప్రశ్నే పుట్టదు. పెట్టె చేసింది ఐబీఎం, బోర్డు గీసింది ఐబీఎం. ఒక పెట్టెకి ఒకటే బోర్డు. దాన్ని వాళ్లు మదర్ బోర్డు అని కూడా అనలేదు, సిస్టమ్ బోర్డు అన్నారు. ఎక్కువ భాగం ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడేది. ఆ కాళ్లు రేకులోని గాడుల్లోకి జారి కూర్చునేవి, లోహపు స్క్రూలు ఒకటి రెండు ఉండేవి. బోర్డు తియ్యాలంటే స్క్రూలు విప్పి, అర అంగుళం పక్కకి జరిపి పైకెత్తడమే. ఏ కాలు ఎక్కడ పెట్టాలో ఫ్యాక్టరీలోనే తేలిపోయిన సంగతి. మీరూ నేనూ తప్పు చేద్దామన్నా వీలులేదు.

కానీ ఐబీఎం ఆ యంత్రం సర్క్యూట్ పటాలతో సహా సాంకేతిక వివరాల పుస్తకం వేసి అమ్మింది. లోపలి భాగాలు చాలావరకు బజార్లో దొరికేవే. 1982 చివర్లో కాంపాక్ తన సొంత నకలు యంత్రాన్ని ప్రకటించింది. ఆ తర్వాత నకళ్లు వరద. నకలు చేసేవాడికి ఐబీఎం కొలతలే శాస్త్రం. ఎందుకంటే జనం దగ్గర ఉన్న కార్డులు ఐబీఎం పెట్టెలో పట్టేవి, అవి తన పెట్టెలోనూ పట్టాలి. 1983 మార్చిలో వచ్చిన ఎక్స్‌టీలో ఐబీఎం స్లాట్లని ఐదు నుంచి ఎనిమిదికి పెంచింది. అందుకోసం స్లాట్ల మధ్య దూరాన్ని ఒక అంగుళం నుంచి 0.8 అంగుళానికి తగ్గించింది. ఫ్లోరిడాలో ఎవరో ఇంజినీరు ఎనిమిది కార్డులు ఇరికించడానికి చేసిన సర్దుబాటు అది. ఇవాళ మీరు లక్ష రూపాయల గ్రాఫిక్స్ కార్డు కొన్నా, క్యాబినెట్టు వెనక స్లాటుకీ స్లాటుకీ మధ్య దూరం అదే 0.8 అంగుళం, 20.32 మిల్లీమీటర్లు. నలభై ఏళ్లు దాటింది. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే అందరి పెట్టెలూ మార్చాలి.

1984 ఆగస్టులో ఏటీ వచ్చింది. దాని బోర్డు పెద్దది, దాదాపు 12 అంగుళాలకి 13.8. చిప్పులు చిన్నవయ్యే కొద్దీ తయారీదార్లు అదే బోర్డుని పాత ఎక్స్‌టీ పెట్టెలో పట్టేలా కుదించారు, దానికి బేబీ ఏటీ అని పేరు. అదిగో, మనకి కావలసిన మలుపు అక్కడుంది. ఒకటే పెట్టెలో ఇప్పుడు పెద్ద బోర్డూ పట్టాలి, పిల్ల బోర్డూ పట్టాలి. పెట్టె చేసేవాడెవరో, బోర్డు చేసేవాడెవరో. ఒకరి మొహం ఒకరు చూడని వియ్యంకులు. కాబట్టి పెట్టె చేసేవాడు రెండు రకాల బెజ్జాలూ కొట్టి, కాళ్లు మాత్రం విడిగా ప్యాకెట్లో వేసి ఇచ్చాడు. ఏ కాలు ఎక్కడో మీరే చూసుకోండి అన్నమాట. తయారీ అనే పనిలో చివరి ఒక్క మెట్టు ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చి మన వంటింటి బల్ల మీద పడింది.

ఐబీఎం 1987లో పీఎస్/2 తెచ్చి, కొత్త స్లాట్లతో, కొత్త పెట్టెతో, పగ్గాలు మళ్లీ తన చేతిలోకి తీసుకోవాలని చూసింది. ఎవరూ వెంట రాలేదు. కీబోర్డు, మౌసు తగిలించే ఆ గుండ్రటి చిన్న సాకెట్టు మాత్రం మనకి మిగిలింది.

బేబీ ఏటీ కాలంలో ఇంకో గండం ఉండేది. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి కరెంటు రెండు ప్లగ్గుల్లో వచ్చేది, పీ8, పీ9. ఒక్కోదానికి ఆరు తీగలు. రెండూ ఒకేలా ఉండేవి. అటుదిటు తగిలిస్తే బోర్డు గోవింద. రెండు ప్లగ్గుల నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన రావాలి, అదొక్కటే సూత్రం. 1990ల్లో పని నేర్చుకున్న ఏ టెక్నీషియన్ని నిద్రలేపి అడిగినా "నలుపు పక్కన నలుపు" అంటాడు.

1995 జులైలో ఇంటెల్ ఏటీఎక్స్ అనే ప్రమాణం ప్రకటించింది. 12 అంగుళాలు, 9.6 అంగుళాలు. పాత బోర్డుని తొంభై డిగ్రీలు తిప్పినట్టు ఉంటుంది. కరెంటు ప్లగ్గు ఒక్కటే, తప్పుగా పెట్టాలన్నా దిగదు. వెనక పోర్టులన్నిటికీ 6.25 అంగుళాలకి 1.75 అంగుళాల కిటికీ ఒకటి. ఆ కిటికీకి ప్రతి బోర్డూ తన పోర్టులకి తగ్గట్టు ఒక పల్చటి రేకుని వెంట తెచ్చుకుంటుంది. దాన్నే ఐఓ షీల్డ్ అంటారు. అది ముందు పెట్టాలి, బోర్డు తర్వాత. అన్ని స్క్రూలూ బిగించాక డబ్బాలో ఆ రేకు కనిపించి తల పట్టుకోని అసెంబ్లర్ ఉండడు. పెట్టేటప్పుడు వేలు తెగనివాడూ ఉండడు. స్లాట్ల దూరం మాత్రం అదే 0.8.

ఏటీఎక్స్ రాసినవాళ్లు తెలివైనవాళ్లు. మనిషి చెయ్యగల తప్పుల్ని ఒక్కొక్కటిగా మూసేశారు. కాళ్లది మాత్రం మూయలేకపోయారు, ఎందుకంటే అది ఆ ప్రమాణం చూపిన ఔదార్యం వల్లే వచ్చింది. పెద్ద బోర్డుకి తొమ్మిది బెజ్జాలు. 1997 డిసెంబరులో మైక్రో ఏటీఎక్స్ వచ్చింది, 9.6కి 9.6 చదరం. పాత బెజ్జాల్లో కొన్ని వాడుకుని, ఆర్, ఎస్ అని రెండు కొత్తవి చేర్చింది. చవక బోర్డులు ఇంకా సన్నబడి ఆరు బెజ్జాలకి దిగాయి. 2001లో వియా కంపెనీ మినీ ఐటీఎక్స్ తెచ్చింది, 170 మిల్లీమీటర్ల చదరం, నాలుగే బెజ్జాలు. మంచి క్యాబినెట్టు అంటే ఇవన్నీ పట్టే క్యాబినెట్టు. ఎన్ని పడితే అన్ని బెజ్జాలు. ఎంపిక ఎక్కువైన కొద్దీ తప్పు పెట్టే చోట్లు కూడా ఎక్కువ. నా పదిహేను బెజ్జాల రేకు కథ ఇది. ఇంటెలే 2004 ప్రాంతంలో బీటీఎక్స్ అని ఇంకో అమరిక తెచ్చి దీన్నంతా మార్చాలని చూసింది. రెండు మూడేళ్లలో విరమించుకుంది.

స్క్రూల గురించి చెప్పకపోతే ఈ కథ కుంటిదవుతుంది. ప్యాకెట్లో రెండు రకాల స్క్రూలు వస్తాయి, చూడ్డానికి కవలలు. ఒకటి 6-32: అంగుళానికి 32 చుట్లు, లావు 0.138 అంగుళం, అంటే మూడున్నర మిల్లీమీటర్లు. రెండోది ఎం3: లావు 3 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ అర మిల్లీమీటరు. మొదటిది అమెరికా అంగుళం, రెండోది మెట్రిక్కు. హార్డ్ డిస్కుకి మొదటిది, సీడీ డ్రైవుకి రెండోది. కాళ్లకైతే ఒక్కో క్యాబినెట్టుకి ఒక్కోటి. ఎం3 కాలిలో 6-32 తిప్పితే రెండు చుట్లకే బిగుసుకుంటుంది, బలం పెడితే మర పోతుంది. తిరగేసి పెడితే లూజుగా దిగి, ఎంత తిప్పినా పట్టదు.

ఈ తగువు కంప్యూటర్ల కంటే చాలా పాతది. 1841లో ఇంగ్లండులో విట్వర్త్ మరకి 55 డిగ్రీల కోణం ఖాయం చేశాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు మేలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడుతూ ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకి పట్టక ఇబ్బందిపడ్డ అమెరికా, బ్రిటన్, కెనడా 1948 నవంబరులో వాషింగ్టన్‌లో కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మన 6-32 ఆ ఒప్పందం కుటుంబంలోది. మనమేమో 1956లో చట్టం చేసి మెట్రిక్‌లోకి వచ్చాం. వచ్చామే గానీ, భద్రాచలం దగ్గర గోదావరిని మాత్రం ఇప్పటికీ అడుగుల్లోనే కొలుస్తాం. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మీటర్లలో చెబితే మా ఊళ్లో ఎవరూ సామాన్లు సర్దుకోరు. అమెరికా అంగుళాల పెట్టె మా దగ్గర వింతగా అనిపించకపోవడానికి అదీ ఒక కారణమేమో.

మరి ఆ పెట్టె మా దాకా ఎలా వచ్చింది? తెలుగు నేల మీద కంప్యూటర్ తయారీ అంటే ముందు చెప్పాల్సింది హైదరాబాద్ ఈసీఐఎల్. 1967లో ఏ.ఎస్. రావు గారి నాయకత్వంలో మొదలైంది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అనే కంప్యూటర్ని తయారుచేసి అమ్మింది, ఆ తర్వాత 312, 316. అవి బీరువాల్లాంటి యంత్రాలు. కొన్నవాడు వాటి తలుపు కూడా తెరిచేవాడు కాదు, ఇంజినీరు వచ్చి తెరవాలి. ఐబీఎం మన దేశాన్ని 1978లో వదిలి వెళ్లింది. అది వదిలిన యంత్రాల బాగోగులు సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంది. అంటే 1981లో పీసీ పుట్టేనాటికి ఐబీఎం ఇక్కడ లేదు. అందుకే మనవాళ్లలో చాలామందికి ఆ పెట్టె నకలు రూపంలోనే పరిచయం. 1984 నవంబరులో రాజీవ్ ప్రభుత్వం కంప్యూటర్ విధానం ప్రకటించి విడి భాగాల దిగుమతి సులువు చేసింది. 1997లో మనం ఐటీ వస్తువుల సుంకాల ఒప్పందంలో చేరాం, 2005 కల్లా సుంకం సున్నాకి వచ్చింది. ఈ తేదీలు పొడిగా ఉన్నాయి గానీ, నేను 19,000కి కంప్యూటర్ కొనగలగడానికి కారణాల్లో ఇవీ ఉన్నాయి. బ్రాండు పెట్టె కొనలేని ఇళ్లన్నిటికీ అసెంబుల్డ్ పెట్టె వచ్చింది.

ఆ పెట్టెలకి మన రాజధాని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే తెలియని ఇంజినీరింగ్ విద్యార్థి ఆ రోజుల్లో లేడు. ఇరుకు షాపులు, నేల మీద థర్మోకోల్ ముక్కలు, ఒక్కో కుర్రాడి ముందు నాలుగు క్యాబినెట్టులు నోళ్లు తెరుచుకుని. ఖమ్మం, కొత్తగూడెం షాపులకి సరుకు చాలావరకు అక్కణ్ణుంచే. సరుకుతో పాటు పనితనం కూడా అక్కణ్ణుంచే వచ్చింది. మాన్యువల్ ఎవరూ చదవలేదు. అందులో ఇంగ్లీషు ఉంటుంది, చైనీస్ ఉంటుంది, బొమ్మ ఉంటుంది, బొమ్మలో ఉన్న బోర్డు మనది కాదు. పక్కవాడి చేతిని చూసి నేర్చుకోవడమే. ఐటీలో తెలుగువాళ్ల చరిత్ర అంటే అమెరికా, వీసాలు, హైటెక్ సిటీ అని రాసుకుంటూ పోతాం. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఈ వేలమంది అందులో ఒక్క పేరాకి కూడా నోచుకోలేదని నా ఫిర్యాదు.

అలాంటి ఒకాయన దగ్గరికే, నాన్న ఖమ్మం నుంచి తిరిగొచ్చిన మర్నాడు, గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లాను. బోర్డుని మళ్లీ క్యాబినెట్టులో బిగించి పెట్టె మొత్తం తీసుకెళ్లాను. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. కూనవరం వైపు ఊరు. సీటీసీలో రెండేళ్లు పనిచేసి వచ్చి, గుడికి వెళ్లే దారిలో చిన్న గది తీసుకుని రిపేర్లు చేసేవాడు. నేను బోర్డు పోయిందని, షాపువాడు మోసం చేశాడని చెబుతుంటే ఊఁ కొడుతూనే స్క్రూలు విప్పేశాడు. బోర్డుని బయటికి తీసి దాని డబ్బా అట్ట మీదే పెట్టాడు. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు తగిలించి, పవర్ బటన్ తీగలు దిగే రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో కలిపాడు. ఫ్యాను తిరిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"బోర్డు బంగారంలా ఉంది తమ్ముడూ" అన్నాడు.

తర్వాత క్యాబినెట్టుని వెలుతురుకి తిప్పి రేకులోకి చూశాడు. నవ్వలేదు. "ఎన్ని పెట్టావు?"

"తొమ్మిదన్నా."

"బోర్డుకి బెజ్జాలెన్ని?"

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ లెక్క మొదటిసారి ఆ గదిలో పెట్టాను. ఆరు.

ఆయన నాతోనే బిగింపించాడు. ముందు ఐఓ షీల్డు. తర్వాత బోర్డుని ఊరికే లోపల ఆనించి, బెజ్జాల్లోంచి రేకు మీద పెన్సిల్‌తో చుక్కలు. చుక్క ఉన్న చోటే కాలు, లేని చోట ఉన్నది పీకెయ్. ప్రాసెసర్ ఫ్యాను బోర్డు బయట ఉన్నప్పుడే బిగించెయ్, ఆ నాలుగు ప్లాస్టిక్ మేకుల్ని నొక్కడానికి పెట్టే బలానికి బోర్డు వంగుతుంది. ర్యామ్ నొక్కే చోట, కరెంటు ప్లగ్గు దిగే చోట కింద కాలు లేకపోతే అక్కడా వంగుతుంది, ఒక్కోసారి లోపలి గీత చిట్లుతుంది, బయటికి కనపడదు. ఆరో బెజ్జం కింద నేను వదిలేసిన ఖాళీ సరిగ్గా ర్యామ్ పక్కనే ఉందట. స్క్రూలన్నీ ముందు లూజుగా పెట్టు, అన్నీ దిగాక ఎదురెదురుగా బిగించు. బోర్డు బెజ్జం 0.156 అంగుళం, స్క్రూ 0.138; ఆ కాస్త తేడా ఇచ్చిందే సర్దుకోవడానికి. మొదటిదాన్నే గట్టిగా బిగిస్తే చివరిది దిగదు. అంకెలు నేను తర్వాత చూసుకున్నవి. ఆయన "కొంచెం ఆట ఉంటది, దాన్ని చివరిదాకా ఉంచుకోవాలి" అన్నాడంతే.

తర్వాత ఒక ప్రశ్న వేశాడు, అది అప్పటికి నాకు సంబంధం లేనిదిగా అనిపించింది. "ఇంట్లో పెట్టె ముట్టుకుంటే జుమ్మంటదా?"

అంటుంది. చెప్పులు లేకుండా ముట్టుకుంటే మోచేతి దాకా. మా ఇంట్లో మూడు బెజ్జాల సాకెట్టు ఉంది గానీ మూడో బెజ్జం వెనక తీగ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు రొద తగ్గించే చిన్న కెపాసిటర్లు ఫేజుకీ రేకుకీ మధ్య, న్యూట్రల్‌కీ రేకుకీ మధ్య ఉంటాయి. ఎర్త్ లేకపోతే రేకు ఆ రెంటికీ నడుమ, నూటపది వోల్టుల దగ్గర వేలాడుతుంది. మనిషిని చంపేంత కరెంటు కాదు, కానీ ఇత్తడి కాళ్ల మీదుగా అదే వోల్టేజీ బోర్డు గ్రౌండుకీ ఉంటుంది. ఆ స్థితిలో మానిటరు, ప్రింటరు తీగలు తగిలిస్తే పోర్టులు పోతాయి. ఏటీఎక్స్ పత్రంలో ప్రతి కాలూ గ్రౌండుకి కలవాలని ఉంది సరే. ఆ గ్రౌండు గోడ దాటి మట్టిలోకి వెళ్లాలి కదా, అది మా ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. ఆయన చెప్పినట్టు పెరట్లో గుంట తవ్వి పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వరసలుగా నింపాం. వేసవిలో మా వైపు నేల ఎండి బీటలు వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి అందులో బిందెడు నీళ్లు పొయ్యడం అమ్మ పని అయింది. కంప్యూటర్‌కి నీళ్లు పోస్తున్నానని చుట్టుపక్కల వాళ్లకి చెప్పేది.

రిపేరుకి ఆయన 50 రూపాయలు తీసుకున్నాడు. తీసిపారేసిన వాటిలో మిగిలిన మూడు కాళ్లూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇంటికెళ్లి నాన్నతో "బాగైంది" అన్నాను. ఎలా బాగైందో ఆయన అడగలేదు. తప్పు ఎవరిదో నేను చెప్పలేదు. ఖమ్మం షాపాయన మా ఇంట్లో మోసగాడిగానే మిగిలిపోయాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరైనా కంప్యూటర్ కొంటామంటే నాన్న ఆ షాపుకి మాత్రం వెళ్లొద్దని చెప్పేవాడు. నేను పక్కనే ఉండేవాణ్ణి.

ఆ తర్వాతి సంగతులు చకచకా జరిగాయి. 2013లో ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఖమ్మంలోకి వచ్చింది. 2014లో కూనవరం మండలం పోలవరం ముంపు లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. నాకు కాళ్లు లెక్కపెట్టడం నేర్పిన అన్న ఊరు ఇప్పుడు వేరే రాష్ట్రం. ఆయన గదిలో సెల్‌ఫోన్ల రిపేరు బోర్డు పెట్టాడు. ఫోన్లో బోర్డూ పెట్టే ఒకరే చేస్తారు, ఏ స్క్రూ ఎక్కడో ఫ్యాక్టరీలోనే తేలిపోయి ఉంటుంది. ఒక విధంగా 5150 రోజులకి తిరిగి వెళ్లాం. ఈ మధ్య కొత్త క్యాబినెట్టుల్లో కాళ్లు ముందే బిగించి వస్తున్నాయి, మధ్యలో బోర్డు చోటు చూపే మొన ఒకటి. మంచిదే.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అదే. బూర్గంపాడు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అమ్మానాన్నల్ని ముందే పాల్వంచలో బంధువుల ఇంటికి పంపించాను. ఎప్పుడో పక్కన పడేసిన ఆ పాత కంప్యూటర్ మూల గదిలో నేల మీదే ఉంది. దాన్ని ఎత్తులో పెట్టాలని ఎవరికీ తోచలేదు.

నీళ్లు తీశాక వెళ్లాను. ఇల్లంతా చెయ్యెత్తున బురద కడుగుతున్నాం. క్యాబినెట్టుని వాకిట్లోకి ఈడ్చి, పడేసేముందు విప్పి చూద్దామని కూర్చున్నాను. బోర్డు మీద గోదావరి ఒండ్రు ఎండి పలకలు కట్టింది. స్క్రూలు తుప్పు, రేకు తుప్పు. ఇత్తడి కాళ్లు మాత్రం మట్టి తుడిస్తే పసుపుగా తేలాయి. ఒక్కొక్కటే విప్పి అరుగు మీద పెడుతున్నాను. నాన్న చీపురు పక్కన పెట్టి వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏంట్రా ఇవి?"

"కాళ్లు నాన్నా. బోర్డు వీటి మీద నిలబడుద్ది."

కాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పాడు. "వీటినే కాళ్లంటారా?"

అంటారన్నాను.

"ఆ ఖమ్మం షాపాయన ఆ రోజు అదే అన్నాడు. మీవాణ్ణి ఇంటికెళ్లి కాళ్లు లెక్కపెట్టుకోమనండి అని. కంప్యూటర్‌కి కాళ్లేంటి, పల్లెటూరోణ్ణని ఎగతాళి చేస్తున్నాడనుకున్నా." ఆగి, "నానా మాటలన్నా ఆయన్ని" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆరు బెజ్జాలు, తొమ్మిది కాళ్లు, అన్నీ. నాన్న విన్నాడు. ఏమీ అనకుండా అరుగు మీద ఉన్నవి లెక్కపెట్టాడు. ఆరే ఉన్నాయి. మిగతా మూడేవిరా అని అడిగాడు.